ఓంకార్ మాట తగ్గిన ఏడాది

ఓంకార్ ఇంట్లో ఉన్నాడంటే మూసాపేటలో ఆ గల్లీ చివరిదాకా తెలిసేది. క్రికెట్ చూస్తూ తిట్టినా, వాళ్లమ్మ నీలమ్మను ఆటపట్టించినా గొంతు తగ్గించేవాడు కాదు. హైటెక్ సిటీలో ఒక కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో పనిచేసేవాడు. అక్క ప్రశాంతిది మాదాపూర్‌లో అకౌంట్స్ ఉద్యోగం. పొద్దున ఇద్దరూ కలిసి మెట్రో ఎక్కితే, అమీర్‌పేటలో రైలు మారేదాకా వాడు తన టీమ్‌లో వాళ్లందరినీ అనుకరించి చూపించేవాడు. పక్కవాళ్లు చూస్తున్నారని ప్రశాంతి నవ్వాపుకోలేక మొహం తిప్పుకునేది.

ఆ మాటలు ఎప్పుడు తగ్గాయని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. ఒక్క రోజులో తగ్గినవి కావు. అడిగినదానికి జవాబు వచ్చేది, అంతకు మించి ఒక్క ముక్క ఉండేది కాదు. గొంతు కూడా ఎత్తుపల్లాలు లేకుండా ఒకేలా ఉండేది. తన మీద కోపమొచ్చిందేమోనని ఆమె తానేమన్నదో గుర్తు చేసుకుంది. అదీ కాదనిపించాక, ఎవరో అమ్మాయి సంగతేమోనని ఆఫీసులో వాడి స్నేహితుడు లోహిత్‌కు ఫోన్ చేసింది. లోహిత్ ఎదురు తననే అడిగాడు, ఇంట్లో ఏమన్నా గొడవైందా అని. టీకి కూడా తమతో రావడం మానేశాడట. ఫోన్ పెట్టేశాక ప్రశాంతికి ఏమీ తోచలేదు. వాడి సంగతి వాళ్లకు తెలుసని ఈమె, ఈమెకు తెలుసని వాళ్లు అనుకుంటున్నారు.

ఇంట్లో ఎవరి లెక్క వాళ్లది. ఇదంతా బద్ధకమని తండ్రి రాజయ్య తేల్చేశాడు. బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్నా వాడు స్నానానికి లేవకుండా మంచం మీద అలాగే కూర్చుంటే, మరి బద్ధకం కాక ఇంకేమంటారని ఆయన వాదన. నీలమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ప్రశాంతి రక్త పరీక్షలు చేయించింది. థైరాయిడ్ బాగానే ఉందన్నారు, విటమిన్ గోళీలు రాసిచ్చారు. దిగులుగా ఉన్నాడందామంటే దిగులు కూడా లేదు. దిగులుపడ్డవాళ్లను ఆమె చూసింది, వాళ్ల మొహంలో ఏదో ఒకటి కనిపిస్తుంది. వీడి మొహంలో ఏదీ కనిపించడం లేదు.

ఆ వేసవిలోనే నాయనమ్మ సరోజమ్మ పోయింది. వాడిని పెంచింది ఆమే. ఇంటి ముందు టెంట్ వేశారు, చుట్టాలంతా వచ్చారు. అందరూ ఏడుస్తుంటే ఓంకార్ కుర్చీలో కూర్చుని ఎవరో ఇచ్చిన ఇడ్లీలు తిన్నాడు. మేనత్త వసంత అది చూసి, గుండెకాయ ఉందా రాయి ఉందా అని నలుగురిలో అనేసింది. వాడు తలెత్తి ఆమెను చూశాడు, ప్లేటు పక్కన పెట్టి చేయి కడుక్కున్నాడు. ప్రశాంతికి సిగ్గేసింది. ఆ సిగ్గు తమ్ముడి గురించా, అత్త గురించా అన్నది ఆమెకే తెలియలేదు.

దినాలు అయిపోయాక ఒక సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ ఆమె అడిగేసింది.

"నాయనమ్మ పోయినందుకు నీకు బాధ కాలేదారా?"

"ఏడ్వాలని ఎరుకే అక్కా. నాకు ఏడ్పొస్తలేదు. లోపల జూస్తే ఏం లేదు. గదే నాకు సమజైతలేదు."

బట్టలు చేతిలో పట్టుకుని ఆమె అలాగే నిలబడింది. అంటే వాడికీ తెలియదు. దాస్తున్నాడనే ఇన్నాళ్లూ అనుకుంది.

ఆ వారమే కూకట్‌పల్లిలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది. పిచ్చి డాక్టరా అని రాజయ్య అడ్డం పడ్డాడు కానీ, వస్తానని ఓంకారే అన్నాడు. డాక్టరమ్మ నెమ్మదిగా అడుగుతూ పోయింది. నిద్ర, తిండి, పని అయ్యాక, ఆఫీసులో మనుషులు ఎలా అనిపిస్తున్నారని అడిగింది. పక్కనున్నవాళ్లు కీబోర్డు కొడుతుంటే తన గురించే రాసుకుంటున్నట్టు ఉంటుందని, అందుకే టీకి వెళ్లనని వాడు వాన గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. ప్రశాంతి ఆ మాట వినడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ ప్రశాంతి వైపు తిరిగింది. "ఇది బద్ధకం కాదండి, పొగరూ కాదు. సైకోసిస్ అనే జబ్బుకి తొలి దశలా ఉంది. లేనివి వినపడటం, అనుమానాలు, వీటినే అందరూ గుర్తుపడతారు. కానీ చాలామందిలో అంతకుముందే మాట, ఉత్సాహం, మొహంలో కదలిక తగ్గిపోతూ వస్తాయండి. అది ఇంట్లోవాళ్లకి జబ్బులా కనపడదు."

మందులతో అనుమానాలు తగ్గొచ్చని, పోయిన ఉత్సాహం రావడానికి మాత్రం ఎక్కువ కాలం పడుతుందని, ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేనని కూడా అంది. ఆ చివరి మాట ప్రశాంతిని వదల్లేదు.

ఓంకార్ సెలవు పెట్టాడు, తర్వాత ఆ ఉద్యోగం మానేశాడు. కొన్ని నెలలకు అనుమానాలు పలచబడ్డాయి. డాక్టరమ్మ చెప్పినట్టు రోజుకు ఏదో ఒక చిన్న పని పెట్టుకున్నారు, కూరగాయలు తేవడమో, నీలమ్మతో కలిసి వంట చేయడమో. రాజయ్య తిట్టడం మానేశాడు. దాని బదులు ఏమనాలో తెలియక, సాయంత్రం వాడిని వెంటబెట్టుకుని ఊరికే నడిచి వచ్చేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. వాడు బాగుపడుతున్నాడా, మందులకు మెత్తబడ్డాడా అని ప్రశాంతి వాడి మొహం చూసి పోల్చుకోవాలని చూసేది. ఒక రోజు బాగుపడుతున్నాడనిపించేది, మర్నాడు కాదనిపించేది.

మొన్న ఆమె కేపీహెచ్‌బీలో ఒక చొక్కా కొనుక్కొచ్చింది. ఏడాదిగా ఏదిస్తే అది తొడుక్కుంటున్నవాడు దాన్ని విప్పి చూసి, మళ్లీ మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు.

"ఈ రంగు నాకు నచ్చలే."

ఆమెకు చిన్నబుచ్చుకోవాలో, సంతోషపడాలో తోచలేదు. మరుసటి సాయంత్రం మార్చుకుందామని దుకాణానికి వెళ్లింది. ఏ రంగు కావాలని అడిగారు. వాడికి ఫోన్ చేసింది. రింగవుతోంది కానీ ఎత్తడం లేదు. దుకాణం కుర్రవాడు ఆకుపచ్చ, నీలం, బూడిద రంగు చొక్కాలు పరిచాడు. ఆమె ఒకదాని మీద చెయ్యి వేసింది, తీసింది, మళ్లీ ఫోన్ కలిపింది.