మంచుల చిక్కిన ఓడల పిడికెడు ఉప్పు

ఇయ్యాల పగటీలి నేను, పక్కింటి హమీదాబీ బోయిగూడ నుంచి నడుసుకుంట ఆడోళ్లకే ఏసే జనానా ఆటకు పోయినం. ఇంగ్లీషు సినిమా. ఎక్కడనో సముద్రం గడ్డకట్టి ఓడ చిక్కుకున్నది. పాపం, ఖలాసీలకు బయటపడే దారే లేదట!

ఏడుద్దామని కొంగు సుత తీసిన. అంతల ఓడల వంటోడు శోర్వల పిడికెడు ఉప్పేసిండు. నైజాం సర్కారుకు, ఇండియా యూనియన్‌కు పడక సరిహద్దులు మూతపడ్డప్పటి సంది మా ఇండ్లల్ల ఉప్పు చిటికెలకొచ్చింది.

"అరే, పిడికెడు ఏసిండక్కా! వీళ్లకేం తక్లీఫ్?" అన్నది హమీదాబీ.

"పట్టపగలు లాంతర్లు సుత ముట్టిచ్చిండ్రు బీబీ. మనకు గ్యాస్‌నూనె ఏడున్నది?" అన్న.

ఇగ ఏడుపేం వస్తది?

ఓడ పగిలి, అందరు మంచు మీద నిలబడంగనే సినిమా ఆగింది. మాకు అడ్డం కట్టిన పర్దా అవతలికెంచి మేనేజర్ మొత్తుకున్నడు. ఆఖరి రీలు సరిహద్దు కాడ ఆగిందట, దారి తెరిస్తే వస్తదట, టికెట్ ముక్కలు భద్రంగ పెట్టుకోవాల్నట.

ముందుగాల ఎవరు బయటపడ్తరు, ఆ ఓడోళ్లా, మేమా? జెర మీరే చెప్పుండ్రి. నా టికెట్ ముక్కనైతే ఉప్పు డబ్బాల దాచిన. అండ్ల ఇంకేం లేదు.