తలుపు మూసి మాట్లాడాలంటే

తాండూరులో రైలు దిగగానే నాపరాళ్లు కోసే దుమ్ము ముక్కుకు తగులుతుంది. పోయిన వారం ఆ దుమ్ముకు తుమ్ముతూ ఖాజా సార్‌ను తలుచుకున్నాను. వికారాబాద్‌లో సెల్ టవర్ల పనిలో చేరిన కొత్తలో ఆయన నా పై అధికారి. ఇప్పుడు లేరు. "గీ రాయి ఉన్నన్ని దినాలు మన నౌకరీకి ఫికర్ లేదు బిడ్డా" అని నవ్వేవారు. రాతి గోడ దాటి సిగ్నల్ లోపలికి పోవడం అంత కష్టం మరి.

టవర్ పెట్టాక అందరూ రోడ్డు మీద జీపులో తిరిగి, సిగ్నల్ మీటర్ చూసుకుని పోతారు. ఆయన మాత్రం ఊరి చివరి ఇంటి వంటగదిలో కూర్చుని ఫోన్ చేసి చూస్తే గాని సంతకం పెట్టేవారు కాదు. ఎండలో ఆయన వెంట తిరగలేక నాకు ఒళ్లు మండేది.

అలా తాండూరు దగ్గరి పల్లెలో ఒక ఇంటికి వెళ్లాం. గోడలు రాయే, కప్పూ రాయే. కొత్త కోడలు లక్ష్మి వాకిట్లో నిలబడి ఫోన్‌లో "మంచిగనే ఉన్ననమ్మా" అంటోంది. పక్కనే అత్త కందులు చెరుగుతోంది. లక్ష్మి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"లోపల మాట్లాడరాదా?" అన్నాను.

"లోపల కలవదక్కా. ఏదున్నా గిక్కడనే మాట్లాడాలె."

"బయట సిగ్నల్ ఫుల్లుగా ఉంది సార్, పాసైనట్టే" అన్నాను. సార్‌కు కోపమొచ్చింది. "పాసేంది? గా పిల్ల తల్లితోని మనసిప్పి మాట్లాడనీకి లేకపాయె. జర సోంచాయించు!" ఆఫీసు నుంచి తిట్లు పడుతున్నా, మనిషిని మళ్లీ టవర్ ఎక్కించి యాంటెన్నాను ఆ ఇంటి వైపు తిప్పించారు.

సాయంత్రం లక్ష్మి ఫోన్ పట్టుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. కలిసిందో లేదో విందామని నేను దగ్గరికి పోబోతే సార్ చెయ్యి అడ్డం పెట్టారు. "మన పని తలుపు దాకనే." చాలాసేపు ఆ తలుపు తెరుచుకోలేదు. "కలిసినట్టే, నడువు" అని సార్ జీపెక్కారు. అంత సంతోషంగా ఆయనను ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు కొత్త తరం నెట్‌వర్క్ ప్లాన్లకు సంతకం పెట్టేది నేను. వేగం చూస్తే అబ్బో అనిపిస్తుంది. కానీ ఈ తరంగాలు గోడ తగిలితే పాతవాటి కంటే తొందరగా చతికిలబడతాయి. పోయిన వారం తాండూరు మీటింగ్‌లో, సినిమా ఫోన్లోకి ఎంత చప్పున దిగుతోందో చూసి అందరూ ఒకటే మురిసిపోయారు. సిగ్నల్ ఎక్కడెక్కడ అందుతుందో చూపే మ్యాపంతా పచ్చగా ఉంది. "ఇళ్లలో చూశారా?" అన్నాను. "రోడ్డు మీద చూశాం మేడం" అన్నారు.

నేనే ఒక రాతి ఇంటికి వెళ్లాను. హైదరాబాద్‌లో చదువుకునే బిడ్డకు వీడియో కాల్ చేయమని ఇంటావిడకు కొత్త ఫోనిచ్చి, తలుపేసుకోమన్నాను. నేను దూరంగా వెళ్లి నిలబడ్డాను. అంతలోనే తలుపు తెరుచుకుంది.

"బొమ్మ కదుల్తలేదు మేడం. బయటికొచ్చి మాట్లాడాల్నా?"

"వద్దమ్మా" అన్నాను. ప్లాన్ వెనక్కి పంపాను. ఆఫీసులో అందరూ నా మీద గుర్రుగా ఉన్నారు. ఉండనీ.