ఇంకో గరిటె

మా ల్యాబ్‌లో గాజు ముక్క మీద కంటికి ఆననంత పలచటి ఆక్సైడ్ పొర ఉంటుంది. దానికి వోల్టేజి కొంచెం కొంచెంగా పెంచుతాం. చాలాసేపు కరెంటు పారదు. ఒక హద్దు దాటగానే ఆ పొరే లోహంలా మారి కరెంటును పారనిస్తుంది. ఆ తర్వాత వోల్టేజి కాస్త తగ్గించినా ఆగదు. తొందరపడి ఒక్కసారే పెంచితే మాత్రం కాలిపోతుంది. అలా కాల్చేసే విద్యార్థుల మీద నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే నేనూ అలాంటి పొరనే.

చిన్నప్పుడు పాచిపెంట పైకొండల నుంచి బడి హాస్టల్‌కి వచ్చినప్పుడు నాకు మా కొండ భాష తప్ప తెలుగు రాదు. మాట్లాడమని అందరూ మీద పడితే ఇంకా బిగుసుకుపోయేదాన్ని. వంటామె మాత్రం రోజూ గరిటె పట్టుకుని ఒకటే అడిగేది: "ఏటే గుంటా, ఇంకొంచెం ఎయ్యనా?"

ఒకరోజు, పక్కపిల్లలు అనగా విన్న మాట నా నోట కూడా వచ్చింది. "సాలు" అన్నాను. అదే నా మొదటి తెలుగు మాట. ఇంకా కావాలంటే అలా అనాలనుకున్నాను. అందుకే కంచం ముందుకు చాపాను.

ఆమె నవ్వలేదు, సరిదిద్దలేదు. కంచం చూసి ఇంకో గరిటె అన్నం వేసింది.

ఇవాళ క్లాసులో గంటసేపు గుక్క తిప్పుకోకుండా తెలుగులో పాఠం చెబుతున్నానంటే, అది ఆమె చలవే.