జానెడు దారం

పళ్లసెట్లు తయారుచేసే ల్యాబులో ముప్పయ్యేళ్లుగా పనిచేస్తున్న ఆ మనిషిని అందరూ మిల్లీమీటరు అనే పిలిచేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. ‘దాదాపు సరిపోయింది’ అన్న మాట చెవిన పడితే చాలు, ఆయనకి ఒళ్లు మండేది. “దాదాపు సరిపోయిన పన్ను నీ నోట్లో పెడతాను, వారం రోజులు నములు, అప్పుడు మాట్లాడదాం” అనేవాడు. గోడ గడియారం రవ్వంత వంకరగా ఉందని భోజనం మధ్యలో లేచివెళ్లి సరిచేసిన ఘనుడు. అలాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో ఆయన భార్యని అడగాలి. అడిగినా ఆవిడ చెప్పదు, నవ్వేసి కుట్టుమిషను తొక్కుకుంటుంది.

ఆ ఇంటి వెనక గదిలో నేలంతా బొమ్మకార్ల దారి పరిచి ఉండేది. బొమ్మలంటే మళ్లీ ఆయనకి కోపం. అవి గాడికార్లు. నల్లటి ప్లాస్టిక్ దారిలో పక్కపక్కనే రెండు గాడులుంటాయి. కారు కింది పుల్ల గాడిలో దిగుతుంది, పక్కనున్న రేకుల నుంచి కరెంటు అందుకుంటుంది, చేతిలోని మీట ఎంత నొక్కితే అంత వేగంగా పరిగెడుతుంది. మలుపులో కాస్త ఎక్కువ నొక్కామా, ఎగిరి గోడకి కొట్టుకుంటుంది. విద్యంతా వేలిలోనే ఉంది.

దారిని ముందు కంప్యూటర్లో గీసేవాడు. అందుకోసమే తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది. గది కొలతలు, తలుపు తెరుచుకునే మేర, కుట్టుమిషను కాళ్లు, అన్నీ అందులో ఎక్కించాడు. తన దగ్గర తిన్నటి ముక్కలెన్ని, వంపు ముక్కలెన్ని, అంచు విరిగినవెన్ని దానికి తెలుసు. మౌసుతో ఒక్కో ముక్కా తెచ్చి అతికిస్తూ పోతే, దారి చుట్టూ తిరిగి మొదటి ముక్కని కలుస్తుందో లేదో చెబుతుంది. కలవకపోతే ఎంత ఎడం మిగిలిందో ఎర్రగా చూపిస్తుంది. అన్నిటికన్నా ఆయనకి ఇష్టమైంది అడుగున వచ్చే లెక్క. ఎర్రగాడి పొడవు ఇంత, నీలంగాడి పొడవు ఇంత. మలుపులో లోపలి గాడి పొట్టిది, బయటిది పొడుగు. అందుకని దారిలో రెండు చోట్ల దాటుముక్క వేస్తారు. అక్కడ గాడులు ఒకదాన్నొకటి దాటి, లోపలిది బయటికీ బయటిది లోపలికీ మారిపోతాయి. ఆ దాటుముక్కల్ని అటూ ఇటూ జరిపి, రెండు పొడవులూ మిల్లీమీటరు తేడా లేకుండా వచ్చేదాకా ఆయన కుర్చీలోంచి లేచేవాడు కాదు.

అవతల పోటీకి నిలిచేది సొంత బావమరిది మరి. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, లిఫ్టు మెకానిక్కు, ఇంటా బయటా అతన్ని లిఫ్టనే అనేవారు. పద్దెనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి వచ్చేవాడు. ఎర్రకారు అతనిది, నీలంకారు బావది, యాభై చుట్లు. అక్క కుట్టుమిషను దగ్గర కూర్చుని చుట్లు లెక్కపెట్టి పుస్తకంలో రాసేది. దారి గీసినవాడు దారి పరచకూడదని వాళ్ల నియమం. బావ గీసి అచ్చు తీసిస్తే, లిఫ్టు ఆ కాగితం చూస్తూ నేల మీద ముక్కలు కలిపేవాడు. అడుగున ఉన్న రెండు పొడవులూ చదివి, పక్కన ‘సరిచూశాను’ అని రాసి సంతకం పెట్టేవాడు. ఏ లిఫ్టుని తనిఖీ చేసినా లోపల తగిలించే కాగితం మీద అతను పెట్టే సంతకం అదే.

“ఈ సంతకం దేనికిరా? నా మీద నమ్మకం లేదా?” అనేవాడు మిల్లీమీటరు.

“మా బావ మీద ఉంది. మా అక్కని ఏడిపించే ఆయన మీదే లేదు.”

“పళ్లు రాలగొడతాను.”

“రాలగొట్టు. మళ్లీ కట్టాల్సింది నువ్వే.”

జబ్బు సరిగ్గా ఆ సంతకం పెట్టే చేతికే వచ్చింది. మొదట స్క్రూడ్రైవరు జారిపోయింది. తర్వాత చొక్కా గుండీలు పట్టుబడలేదు. నరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోతాయని, దీన్ని ఆపే మందు లేదని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. కంపెనీవాళ్లు అతన్ని లిఫ్టు గోతుల్లోంచి తప్పించి ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ తోటివాళ్లు అడక్కుండానే అతని సీసా మూత తీసిపెట్టేవారు. ఇంట్లో భార్య చెప్పులు తొడిగేది.

“అందరూ నన్ను పగిలిపోయే గ్లాసుని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నారు బావా” అన్నాడొక ఆదివారం. “నేను మామూలు మనిషిలా ఉండేది ఈ గదిలోనే. ఇక్కడైతే నన్ను చిత్తుగా ఓడించేవాడున్నాడు.”

నిజంగానే ఓడిపోతున్నాడు. వరసగా పదకొండు ఆదివారాలు, అరచుట్టు తేడాతోనో ముప్పావు చుట్టు తేడాతోనో. పైకి నవ్వేవాడు. పదకొండో ఆదివారం మాత్రం వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ఎర్రకారుని అరచేతిలో పెట్టుకుని దాని చక్రాలు ఊది, చాలాసేపు అలాగే చూశాడు. అది మిల్లీమీటరు కంట పడింది. ఆయన గుండె తరుక్కుపోయింది. ‘నన్ను చిత్తుగా ఓడించేవాడున్నాడు’ అని లిఫ్టు చెప్పిన మాట ఆయన చెవులు విన్నాయి గానీ, మనసుకి ఎక్కలేదు.

మరుసటి శనివారం మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని ఒక దాటుముక్కని ఒకే ఒక్క మలుపు అవతలికి జరిపాడు. అడుగున లెక్క మారింది. ఎర్రగాడి చుట్టుకి జానెడు పొట్టిదైంది. యాభై చుట్లు తిరిగేసరికి అది ఒక నిండు చుట్టు పైమాటే. కాగితం అచ్చు తీసి, భార్య బట్టల కత్తెర తెచ్చుకుని, పొడవులున్న అడుగు అంచుని తిన్నగా కత్తిరించేశాడు. దొంగపనిలోనూ అంచు తిన్నగానే వచ్చింది, పాడు అలవాటు.

“అడుగున లెక్కేది బావా?” అన్నాడు లిఫ్టు ఆదివారం, ముక్కలన్నీ కలిపాక.

“ప్రింటరు మింగేసింది. సమానంగానే వచ్చిందిలే, నేను చూశాగా.”

లిఫ్టు ఒక్క క్షణం ఆ కాగితాన్ని చూశాడు. తర్వాత దాన్ని తిరగేసి వెనకవైపు ‘సరిచూశాను’ అని సంతకం పెట్టాడు.

ఆ రోజు అతను అరచుట్టు తేడాతో గెలిచాడు. అక్క కొంగుతో కళ్లొత్తుకుంది. లిఫ్టు అప్పటికప్పుడు భార్యకి ఫోన్ చేసి, “చెయ్యి కాస్త మాట వింటోందే” అన్నాడు. కలిసొచ్చిన దారి కదా, మార్చొద్దన్నాడు మిల్లీమీటరు. తర్వాతి రెండు ఆదివారాలూ లిఫ్టే గెలిచాడు. పక్కగదిలో అక్కాతమ్ముళ్లు నవ్వుకుంటుంటే, ఈయనకి సంతోషంగానూ ఉండేది, ముద్ద దిగేదీ కాదు.

నాలుగో ఆదివారం ఆయన బజారు నుంచి వచ్చేసరికి నాలుగింకా కాలేదు. వెనక గదిలో లిఫ్టు నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. అక్క కుట్టుమిషను దగ్గరి దారపుండ తీసుకుని, వణికే వేళ్లతో గాడిలో దారం పేర్చుకుంటూ పోతున్నాడు. నీలంగాడి చుట్టూ ఒకసారి పరిచి, కలిసిన చోట తెంపి, అదే దారాన్ని ఇప్పుడు ఎర్రగాడిలో పరుస్తున్నాడు. గంట పట్టి ఉంటుంది ఆ పని. మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి దారం కొస జానెడు మిగిలింది. దాన్ని పట్టుకుని లేచి కూర్చున్నాడు.

“నీ ప్రింటరు ఇంత తిన్నగా మింగుతుందా బావా?”

మిల్లీమీటరు చేతిలోని సంచి కింద పెట్టాడు.

“లిఫ్టుకి నాలుగైదు తాళ్లుంటాయి. ఒకటి మిగతావాటికన్నా పొట్టిదైతే బరువంతా దాని మీదే పడుతుంది. ముందు తెగేది అదే. నాకు తెలుసు కదా, ఇరవై ఆరేళ్లు అదే పని చేశాను.” చేతిలో దారం ఊగుతోంది. “ఓడిపోయినప్పుడు నేనే ఓడిపోయాను. మరి గెలిచిందెవరు బావా? మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పానే, అదెవరి చెయ్యి?”

“నువ్వు బాధపడుతుంటే చూడలేకపోయానురా.”

“అందరూ అదే అంటున్నారు. చూడలేకపోతున్నారట.” గోడ పట్టుకుని లేచాడు. “చూడకుండా సంతకం పెట్టింది నా సర్వీసులో అదొక్కటే. నువ్వు చెప్పావని పెట్టాను.”

గొంతు పెంచలేదు, తలుపు విసిరికొట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎర్రకారుని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక వారం తటపటాయించి, చివరికి మిల్లీమీటరే అతనింటికి వెళ్లాడు. లిఫ్టు కుర్చీలోంచి లేవబోయి లేవలేక, “రండి బావగారూ, కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?” అన్నాడు. పద్దెనిమిదేళ్లలో ఏనాడూ ‘మీరు’ అనని నోరు అది. మిల్లీమీటరు ఆ నీళ్లు తాగి, వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో దాటుముక్కని ఎక్కడిదక్కడ పెట్టాడు. దారి గీసినవాడు పరచకూడదు కాబట్టి భార్య చేత ముక్కలు కలిపించాడు. కొత్త కాగితం అచ్చు తీసి, అడుగు అంచుతో సహా ఆవిడ చేతికిచ్చి పంపాడు. ఎర్ర పదకొండు మీటర్ల నలభై రెండు సెంటీమీటర్లు, నీలం పదకొండు మీటర్ల నలభై రెండు సెంటీమీటర్లు. “చదివాడా?” అని అడిగితే, “మడిచి జేబులో పెట్టుకున్నాడు” అంది ఆవిడ. ఆరు నెలలు గడిచాయి. ఆవిడ రోజూ దారి మీద దుమ్ము తుడిచేది. ఈయన రోజూ ఫైలు తెరిచి, లెక్క చూసి, మూసేసేవాడు.

ఒక ఆదివారం నాలుగింటికి చక్రాల కుర్చీ గుమ్మంలో ఆగింది. లిఫ్టు సగానికి సగం అయిపోయాడు. కుర్చీ తోసుకొచ్చిన భార్య అతని జేబులోంచి ఆ మడత కాగితం తీసి ఒళ్లో పెట్టింది.

“అక్కా, దారం తియ్యి” అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

అక్క మోకాళ్ల మీద పాకుతూ రెండు గాడుల్లోనూ దారం పరిచింది. అతను కన్నార్పకుండా చూశాడు. కొస కొసకి సరిగ్గా కలిసింది. వేళ్ల మధ్య పెన్ను ఇరికించమని అడిగి, ఆ రెండు పొడవుల పక్కన సంతకం పెట్టాడు. పేరు సగంలో జారి కాగితం అంచు దాకా పోయింది. ఎవరూ సాయం పట్టలేదు.

“యాభై” అన్నాడు.

మీటని అతని అరచేతి కింద పెట్టారు. వేలు కదల్లేదు. చెయ్యంతా ఒరిగించి బరువు మోపితే ఎర్రకారు కదిలింది, మెల్లగా, మొదటి మలుపు తిరిగింది, దాటుముక్క దాటింది, తిన్నటి దారిలో కాస్త దూరం పోయి ఆగిపోయింది. చెయ్యి మీట మీంచి జారి ఒళ్లో పడింది. దాన్ని మళ్లీ పైకి తెచ్చుకోవడం అతని వల్ల కాలేదు.

నీలంకారు అప్పటికి నాలుగో చుట్టులో ఉంది. మిల్లీమీటరు వేలు సడలించాడు.

“ఆపకు బావా.” లిఫ్టు ఆయన్నే చూస్తున్నాడు. “నువ్వు ఆపావంటే నేనింక ఈ గదికి రాను.”

ఆయన నొక్కాడు. ఐదు, ఆరు, ఏడు. ఆగివున్న ఎర్రకారు పక్కనుంచి నీలంకారు వెళ్లినప్పుడల్లా ఆయన ప్రాణం విలవిల్లాడింది. ఇరవై దగ్గర అక్క లెక్క ఆపేసి మొహం తిప్పుకుంది. మిగతా ముప్పై లిఫ్టే లెక్కపెట్టాడు, వచ్చీరాని మాటతో, ఒక్కటి కూడా వదలకుండా. కళ్లకి నీళ్లు అడ్డంపడి దారి కనిపించకపోయినా మిల్లీమీటరు వేలు మలుపు మలుపుకీ ఎంత సడలాలో అంతే సడలింది. చివరి చుట్టు దాకా నీలంకారు ఒక్కసారి కూడా గాడి తప్పలేదు.

“ఎంత తేడాతో ఓడాను?”

“నలభై తొమ్మిది చుట్లు.”

“దాదాపు చెప్పకు.”

మిల్లీమీటరు చొక్కా చేత్తో మొహం తుడుచుకుని నేల మీద మోకరిల్లాడు. దారాన్ని ఎర్రకారు ముక్కు దగ్గర ఆనించి, గాడి వెంబడి ముందుకి ముగింపు గీత దాకా పరిచి తెంపి, స్కేలు పక్కన పెట్టి రెండుసార్లు కొలిచాడు.

“నలభై తొమ్మిది చుట్ల మీద ఏడు మీటర్ల పదిహేడు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లురా.”

“ఆఁ” అన్నాడు లిఫ్టు. “రాయక్కా.”