తోడికోడలు, సర్వర్ తలుపు

నా తోడికోడలంటే నాకు కుళ్ళు. దాచుకోవడమెందుకు? మా ఆఫీసులో ఆమెను చేర్పించింది నేనే. పోటీని చేజేతులా తెచ్చిపెట్టుకున్నాను.

మేం ఒక రక్తపరీక్షల సంస్థకు సర్వర్లు చూస్తాం. అవి ఎక్కడో అద్దె క్లౌడ్‌లో ఉంటాయి. కుర్చీలోంచి కదలకుండా ఎస్‌ఎస్‌హెచ్ అనే తాళం వేసిన దారి గుండా లోపలికెళ్ళి బాగుచేసి వస్తాం. పదేళ్ళుగా అదే నా పని. నిన్నగాక మొన్న వచ్చిన ఆమె, జుట్టుముడిలో పెన్సిలు గుచ్చుకుని కూనిరాగం తీస్తూ, నేను గంటలో చేసేది పావుగంటలో ముగించేది. ఇంట్లో మా అత్తగారి నోట కూడా "చిన్నది, చిన్నది" అనే జపమే.

ఆఫీసులో మా గ్రూపుకు కొత్త పెద్దను వేస్తారని తెలిసిన రోజు ఒక పాడుపని చేశాను. మా ఇద్దరికీ అప్పగించిన రిపోర్టుల సర్వర్, బాగుచేయడానికి ఎవర్ని రానివ్వాలో చెప్పే నిబంధనలో, నా గదికి విడిగా ఉన్న నెట్ లైను అడ్రసు ఒక్కటే ఉంచాను. అప్పట్నుంచీ ఆమె నా గదికి రావలసిందే.

"అక్కా, నాకు తెరుచుకోవట్లేదు. కాస్త చూస్తావా?"

చూసేదాన్ని. ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో!

మూడు వారాల తర్వాత ఒక ఉదయం నా గదిలో నెట్ పోయి వచ్చింది. కాసేపటికే సర్వర్ మొరాయించి రిపోర్టులు ఆగిపోయాయి. మేనేజరు వచ్చి నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. కనెక్షన్ కొడితే చాలాసేపు నాన్చి "టైమ్ అవుట్" అంది. తాళంచెవి లాంటి కీ ఫైలు మార్చాను, యూజర్ పేరు సరిచూశాను. మళ్ళీ అదే.

ఆమె వచ్చి తెరలోకి తొంగిచూసింది.

"కీ తప్పైతే రావద్దని వెంటనే గెంటేస్తుందక్కా. ఇది అసలు పలకట్లేదు. మనం గుమ్మం దాకా కూడా చేరట్లేదు."

బ్రౌజర్‌లో క్లౌడ్ పేజీ తెరిచింది. నిబంధన బయటపడింది. ఒకే ఒక్క అడ్రసు, పక్కన నా పేరు, తారీఖు. ఆమె కనుబొమ్మయినా కదపలేదు.

"ఏంటమ్మా?" అన్నాడు మేనేజరు.

"నెట్ పోయొచ్చాక అడ్రసు మారింది సార్. ఇక్కడ పాతదే ఉంది."

కొత్తది పెట్టింది. సర్వర్ తెరుచుకుంది, రిపోర్టులు మళ్ళీ కదిలాయి.

సాయంత్రం గ్రూపు పెద్దగా ఆమె పేరే చెప్పారు. అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను.

ఇంటికి వెళ్ళే బస్సులో నా పక్కనే కూర్చుంది. ఉండబట్టలేక అడిగేశాను.

"సార్‌కి ఎందుకు చెప్పలేదు?"

"ఏముందక్కా చెప్పడానికి? నాకు మొదటి రోజే తెలుసు."

"మరి మార్చేసుకోవాల్సింది!"

"నేనొచ్చి అడిగినప్పుడల్లా నీ మొహం ఎలా వెలిగిపోయేదో! పోనీలే అనిపించింది."

కిటికీ వైపు తిరిగిపోయాను. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మూడు వారాల గెలుపు కూడా ఆమె పెట్టిన భిక్షేనని తెలిశాక నా కుళ్ళు తగ్గలేదు సరికదా, రెట్టింపైంది.