లేదన్న చూలు

నేను పశువుల డాక్టర్ని. భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, ఆవు వెనక నిలబడి, పేడ వచ్చే దారిలో చెయ్యి పెట్టి, పేగు గోడ మీదుగా గర్భసంచినీ అండాశయాలనూ తడిమి చూడటం నా రోజువారీ పని. ఇంట్లో వాళ్లకు అది తెలుసు కాబట్టి పండగపూట కూడా నన్ను పిండి కలపమని ఎవరూ అడగరు. నాకూ హాయే. తిరుపతిలో చదువుకునేటప్పుడు మా మాస్టారు ఒకటే మాట నూరిపోసేవారు: యజమాని ఏం చెప్పినా సరే, నీ చెయ్యి పెట్టి చూడకుండా సూది ఎత్తొద్దని. ఆ మాట ఒక్కరోజే తప్పాను.

ఆ రోజు చిత్తూరు దగ్గర ఒక ఊళ్లో, మామిడి తోపులో, ఎదకు రాని ఆవుల కోసం శిబిరం పెట్టాం. ఆవు మూడు వారాలకోసారి ఎదకు రావాలి. అండం విడుదలైన చోట అండాశయం మీద చిన్న బుడిపె లేస్తుంది. అది ఉన్నంతకాలం ఆవు మళ్లీ ఎదకు రాదు. చూలు నిలవకపోతే బుడిపె తనంతట తనే కరిగిపోవాలి, కొన్ని ఆవుల్లో కరగక మొండికేస్తుంది. చూలు నిలిస్తే మాత్రం కరగకుండా ఉండి, కడుపులో దూడను కాపాడుతుంది. మేము తెచ్చిన మందు ఆ బుడిపెను కరిగించేది. ఒట్టి ఆవుకు వేస్తే మూడు నాలుగు రోజుల్లో ఎదకొస్తుంది. చూడి ఆవుకు వేస్తే చూలు పోతుంది. అందుకే ముందు చెయ్యి పెట్టి చూడాలి.

నాకప్పుడు మూడో నెల. పేడ వాసనకే కడుపులో తిప్పుతోంది. పైగా ఆ మందును గర్భిణులు ముట్టుకోకూడదు, చర్మం మీద పడినా ప్రమాదమే. సీసాలు నా వైపు రానీయకుండా అన్నీ మా కాంపౌండరుకే అప్పజెప్పాను. కారణం ఆయనకు చెప్పలేదు. మూడు నెలలు నిండేదాకా ఎవరితోనూ అనొద్దని, దిష్టి తగులుతుందని, మా అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. ఇంత చదువు చదివి, దిష్టీ గిష్టీ ఏమిటని నవ్వాల్సినదాన్ని, నోరు మూసుకుని ఒట్టేశాను. శిబిరంలో ఒక ముసలావిడ నా మొహంలోకి చూసి "ఏమ్మా, యిశేషమా?" అంటే, "అబ్బే, అదేం లేదవ్వా" అన్నాను. అంత తడుముకోకుండా అబద్ధమాడగలనని నాకే తెలియదు.

పొద్దున కొన్ని ఆవులను ఎలాగో చూశాను. తర్వాత వాంతి వచ్చింది. తోపు వెనక్కి వెళ్లి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. వరస చూస్తే రోడ్డు దాకా ఉంది. ఇక చెయ్యి పెట్టడం మానేసి, నోటితో అడిగి రాసెయ్యడం మొదలుపెట్టాను.

ఎర్ర జెర్సీ ఆవును పట్టుకుని ఒకామె వచ్చింది. నా వయసే ఉంటుంది. కుచ్చిళ్లు ఎగదోపుకుని, మొహమంతా చెమటతో ఉంది.

"ఎదకొచ్చి ఎన్నాళ్లయింది?"

"రొండున్నర నెలలైందమ్మా."

"చూడి కట్టిందా?"

ఆమె చుట్టూ ఉన్న జనాన్ని ఒకసారి చూసి తల దించుకుంది. "లేదమ్మా" అంది.

ఆ తల దించుకోవడం నాకు తెలియనిదా! మా పుట్టింట్లోనూ ఆవులుండేవి. మూడు నెలలు నిండందే చూడి అని బయట అనేవాళ్లం కాదు, ఎవరడిగినా లేదనే చెప్పేవాళ్లం. అంతకు అరగంట ముందు అదే అబద్ధం నేనూ ఆడాను. అయినా కాంపౌండరు వైపు తలూపాను, ఆయన సూది వేశాడు. ఆమె వచ్చింది ఆవు కడుపులో నులిపురుగులకు మందు కోసమట, తర్వాత తెలిసింది. అందరికీ వేస్తున్నారు కదా, బలానికి కాబోలనుకుని ఆవు మెడ నిమురుతూ నిలబడింది. నేను రిజిస్టరులో 'పరీక్షించడమైనది' అని రాసి సంతకం పెట్టాను.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "ఆవు యేందో ఏసేసిందమ్మా, బిరీన రాండి" అంది ఆమె. వెళ్లాను. కొట్టంలో గడ్డి మీద అరచేతిలో పట్టేంత దూడ పడి ఉంది. వెంట్రుక లేని ఒళ్లు, కాళ్ల చివర లేత గిట్టలు.

"చూడి అని ఎందుకు చెప్పలేదు?" అన్నాను. చూడండి నా నోరు! తప్పు నాది, గదమాయింపు ఆమె మీద.

రెండున్నర నెలల కిందట ఎదకొచ్చినప్పుడే, ఊళ్లోకొచ్చి ఎద సూదులేసే ఆయన చేత వేయించారట. కట్టిందని ఇంట్లో వాళ్లకు గట్టి నమ్మకమట. "అంతమందిలో ఎట్ల సెప్పేదమ్మా? మూడు నెలలు నిండలా గదా, దిష్టి తగుల్తాదని లేదంటి" అంది. అని, తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "ఉన్నదాన్ని పట్టుకోని లేదంటి. తథాస్తు అనేసినాడు దేముడు" అని ఏడ్చింది.

గుమ్మంలో ఆమె అత్త నిలబడి ఉంది. అంతా వింది, కోడలి వైపు ఒక చూపు చూసింది. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. "వేడి చేసి ఉంటుంది, ఒక్కోసారి ఇలా అవుతుంది" అన్నాను. ఆవుకు చెయ్యాల్సిన వైద్యం చేసి, బయటపడి, స్కూటర్ ఎక్కాను. ఆ సాయంత్రమే ఆఫీసులో అందరికీ నా మూడో నెల సంగతి చెప్పేశాను. నేనూ లేదన్నదాన్నే కదా, భయపడ్డాను మరి. తప్పు సూదిదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా భయపడ్డాను.

నాకు కూతురు పుట్టింది. సెలవులో ఉన్నాను. పాపకు ఐదో నెల నడుస్తుండగా ఒక ఉదయం ఆ ఎర్రావును తోలుకొచ్చిన ఆమె బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. చేతిలో జున్ను గిన్నె. ఆవు మళ్లీ కట్టి, ఈని, పెయ్య దూడను పెట్టిందట.

"ఈ తూరి అడిగినోళ్లకంతా సూడి అనే సెప్పినా. కాణిపాకం పొయ్యి, కోనేట్లో మునిగి, ఇంగ అబద్ధమాడనని ఒట్టు గూడా పెట్టుకుంటి" అని నవ్వింది. పాపను ఒళ్లో వేసుకుని బుగ్గలు పుణికింది.

కాణిపాకంలో మునగాల్సింది ఎవరు, మునిగింది ఎవరు! చెప్పేశాను. చెయ్యి పెట్టి చూడకపోవడం, సూది ఏం చేస్తుందో, రిజిస్టరులో రాసిన అబద్ధం, అన్నీ.

ఆమె పాప మీంచి తలెత్తింది. "అంటే, నేను లేదన్నందుకు గాదా?" అంది.

"కాదక్కా. నీ మాటకు ఏ సంబంధమూ లేదు."

"నిజంగా గాదా?"

"కాదు. నాది తప్పు."

పాపను జాగ్రత్తగా మంచం మీద పడుకోబెట్టింది. తిట్టమని లోపల్లోపల కోరుకున్నాను, తిట్టలేదు. "మా అత్త ఏడాదిగా నన్ను ఆవుకాడికి రానీలేదు. నీ నోరు మంచిది గాదు, నువ్వు ముట్టుకుంటే మళ్లా పోతాదని. నేను పెంచుకున్న ఆవమ్మా అది. పాలు పిండనీలేదు, కుడితి గూడా పెట్టనీలేదు. ఈ జున్ను గూడా ఆమె పిండి ఇచ్చిందే" అంది. నా వైపు తిరిగి, "నువ్వు ఆపొద్దే సెప్పింటే పొయ్యేదేంది తల్లీ?" అంది.

నాది తప్పేనని మళ్లీ అన్నాను.

"నాకు సెప్తే యేం లాభం? వచ్చి మా అత్తకు సెప్పు" అని లేచింది.

పాపను మా అమ్మకిచ్చి ఆమె వెంటే వెళ్లాను. కొట్టం ముందు అత్త తవుడు కలుపుతోంది. అటుపక్క ఎర్రావు తన పెయ్యను నాకుతోంది. నిలబడే అన్నీ చెప్పాను. ఆవిడ చెయ్యి కడుక్కుని, పైట కొంగుకు తుడుచుకుని, కొట్టంలోకి వెళ్లింది. చూరుకు వేలాడుతున్న పాల చెంబు తీసుకొచ్చి కోడలి చేతికిచ్చింది.

"పో మేయ్, పిండుకో పో" అంది.

కోడలు చెంబు పట్టుకుని లోపలికి పరిగెత్తినట్టే వెళ్లింది. అలవాటుగా నేనూ ఆవు వైపు ఒక అడుగు వేశాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆణ్ణే ఉండు తల్లీ. ఇంగ నువ్వు దాన్ని ముట్టుకోవద్దు" అంది.