ఎనభై నాలుగు ప్యాకెట్లు

గుండీలమ్మను ఎవరైనా అసలు పేరుతో పిలిచి ఇరవై ఏళ్లయింది. దర్జీ దుకాణాల నుంచి చొక్కాలు తెచ్చుకుని, ఇంట్లోనే కాజాలు తీసి, గుండీలు కుట్టి ఇవ్వడం ఆమె పని. అది కాక జీతంలేని మరో ఉద్యోగం కూడా ఉంది. అది భయపడటం. బయటికి వెళ్తే తాళం మూడుసార్లు లాగి చూస్తుంది, మలుపు దాకా నడిచి నాలుగోసారి లాగడానికి వెనక్కొస్తుంది. మిగతావాళ్లు గుండీకి నాలుగుసార్లు దారం తిప్పితే ఆమె ఎనిమిదిసార్లు తిప్పుతుంది. ఆమె కుట్టిన గుండీ ఊడిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఇంత భయస్తురాలి చేతిలోనే చెల్లెలు తన బిడ్డను పెట్టి ఆసుపత్రిలో చేరింది.

బిడ్డకు మూడో నెల. చెల్లెలికి మందు ఎక్కించడం మొదలుపెడితే ఆమె పాలు బిడ్డకు పనికిరావని డాక్టరు ముందే చెప్పారు. వాడికేమో వేరే పాలు చుక్క పట్టినా వాంతులు, ఒళ్లంతా దద్దుర్లు. అందుకని చెల్లెలు చికిత్సకు ముందే రోజూ పాలు పిండి, చిన్న చిన్న ప్యాకెట్లలో పోసి, తేదీ రాసి, వాటికోసమే కొన్న బుల్లి ఫ్రీజర్లో దాచి, ఆ ఫ్రీజర్ని కూడా అక్క ఇంటికి చేర్చింది. రోజుకు ఆరు ప్యాకెట్లు. ఒక ఉదయం ఆ రోజువి తీసి పక్కన పెట్టుకోగా ఎనభై నాలుగు మిగిలాయి. అంటే పద్నాలుగు రోజులు. ఆ తర్వాత వేరే పాలు కొద్దికొద్దిగా అలవాటు చేసి చూద్దామన్నారు డాక్టరు. ప్రతి సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసి ముందు అడిగే మాట ఒక్కటే, ఇంకా ఎన్ని ఉన్నాయని.

ఆ ఉదయం ఫ్రీజర్ పై అరలో మంచు పేరుకుపోయి తలుపు సరిగా పడటం లేదు. తలుపు పడకపోతే చల్లదనం పోతుంది, చల్లదనం పోతే పాలు పోతాయి. ఆ భయమే ఆమె చేతికి కూరలు తరిగే కత్తి అందించింది. రెండు పోట్లకు మంచు పెళ్లలుగా ఊడొచ్చింది. మూడో పోటుకు బుస్సుమంటూ చల్లటి గాలి ముఖాన కొట్టింది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. ఫ్రీజర్ మాత్రం ఏమీ ఎరగనట్టు గుర్రుమంటూనే ఉంది.

గుండీలమ్మ తలుపు మూసి, కత్తి కడిగి, మిగతా కత్తుల వెనక్కి తోసేసింది. ఆ ఇంట్లో ఆమె, నిద్రపోతున్న బిడ్డ తప్ప ఎవరూ లేరు. అయినా దాచింది.

కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే, ఎల్లుండి మనిషిని పంపుతామన్నారు. గోడ మీది కాగితంలో నంబరు చూసి ఇంకో మెకానిక్‌ని పిలిచింది. అతను బండి మీద ఆఘమేఘాల మీద వచ్చాడు. ఏమైందని అడిగితే ఆమె కత్తి మాట ఎత్తలేదు. పొద్దున్నుంచీ చల్లబడటం లేదని మాత్రం చెప్పింది. అతను తలుపు అరగంట బార్లా తెరిచిపెట్టి, వెనకాల ఏదో చిన్న భాగం మార్చి, మధ్యాహ్నానికల్లా రాయిలా గడ్డకడుతుందని భరోసా ఇచ్చి చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. గడ్డకట్టదని ఆమెకు తెలుసు. తెలిసీ తలూపింది.

మధ్యాహ్నం దాకా ఎవరైనా ఆమెను చూస్తే జాలిపడేవాళ్లు. గుండీ కుట్టబోతే సూది వేలికి దిగింది. తలుపు తెరిచి చూద్దామంటే ఉన్న చల్లదనం పోతుందని భయం, చూడకపోతే లోపల ఏమవుతోందోనని భయం. చివరికి ఒక్కసారి చెయ్యి పెట్టింది. పై వరసలో ప్యాకెట్ వేలి కింద మెత్తగా వంగింది.

వెనక వీధిలో మూడ్రోజులాయన దుకాణం ఉంది. ఆయన ఫ్రిజ్ అయినా ఫ్రీజరైనా బాగుచేసి వెంటనే ఇవ్వడు. తన దుకాణంలోనే మూడు రోజులు నడిపి, పూటపూటకీ చల్లదనం కొలిచి పలక మీద రాసుకుని, అప్పుడుగానీ ఇంటికి పంపడు. ఈ చాదస్తం భరించలేక చాలామంది ఆయన్ని వదిలేశారు. వదిలేసినవాళ్లలో గుండీలమ్మ కూడా ఉంది. పైగా ఆయన ప్లీడరులా ప్రశ్నలు వేస్తాడు. పొద్దున ఆయన్ని పిలవకపోవడానికి అసలు కారణం అదే.

బిడ్డను భుజాన వేసుకుని వెళ్లింది. ఆయన విన్నాడు, వేళ్లు తుడుచుకున్నాడు, ఆమె భయపడ్డదే అడిగాడు.

"మంచు దేంతో గీకావమ్మా?"

గీకలేదంది. ఆయన వాదించలేదు. గీకకపోతే జబ్బు ఎక్కడుందో వెతకాలని, ఒక్కోటీ విప్పి చూసేసరికి రేపవుతుందని చెప్పి స్టూలు మీద కూర్చున్నాడు. బిడ్డ నిద్రలోనే ఆమె మెడ చప్పరించాడు. వాడికి ఆకలి వేళవుతోంది.

"కత్తితో, బాబాయ్," అంది గుండీలమ్మ. "నేనే. బుస్సుమంది. పొద్దున వచ్చినతనికి కూడా చెప్పలేదు."

"లోపల ఏముంది?"

"పాలు. మా చెల్లెలివి. తనవి ఇంక వీడికి పట్టకూడదు."

ఆయన లేచి మూలనున్న తెల్ల ఫ్రీజర్ తలుపు తీశాడు. చలి పొగ బయటికొచ్చింది. లోపల ఒక్క వస్తువు లేదు. "ఇది వేరేవాళ్లది. ఇవాళ రెండో రోజు, వాళ్లకి ఎల్లుండి గానీ ఇవ్వను. ముందు పాలు తెచ్చి ఇందులో పెడదాం. నీదానికి గొట్టం చిల్లుపడింది, అతకాలి, గ్యాసు నింపాలి, అది తర్వాత."

బిడ్డను పక్కింటావిడ చేతిలో పెట్టి, ప్యాకెట్లను కుట్టాల్సిన చొక్కాల్లో చుట్టి, రెండు బకెట్లలో ఇద్దరూ మోసుకొచ్చారు. ఆయన ఒక్కోటీ నొక్కి చూశాడు. గట్టివి లోపలికి, మెత్తవి బల్ల మీదికి. బల్ల మీదికి వెళ్లినవాటిని ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. డెబ్భై రెండు లోపలికి వెళ్లాయి. పన్నెండు బల్ల మీద మిగిలాయి. ఒకసారి నీరైపోయినవి మళ్లీ గడ్డ కట్టించకూడదని, ఒక రోజులోగా వాడెయ్యాలని నర్సు మొదట్లోనే చెప్పింది. ఒక రోజులో బిడ్డ తాగేది ఆరు. మిగిలిన ఆరూ ఆమే సింకులో పోసింది. మూడు కత్తిరించి పోసేసరికి ఏడుపు ఆగలేదు. పొద్దున్నే నిజం చెప్పి ఉంటే వీటిలో ఒక్కటీ పోయేది కాదు.

చెల్లెలి ఫోన్ మామూలు వేళకే వచ్చింది. అబద్ధం నోటి చివర సిద్ధంగా ఉంది. దూరాన ఆసుపత్రి మంచం మీదున్న మనిషికి ఎలా తెలుస్తుంది? అయినా ఆ రోజు నిజం దాచినందుకు ఏమైందో కళ్లారా చూసింది. కత్తి దగ్గర మొదలుపెట్టి సింకు దాకా అంతా చెప్పేసింది.

గుండీలమ్మ తిట్లకోసం ఎదురుచూసింది. తిడితే బాగుండనిపించింది.

"ఎన్ని రోజులవి పోయాయక్కా?"

"ఒక్క రోజువి."

"అవి అయిపోయేలోపు ఇంట్లో ఉండాలని రోజూ లెక్కపెట్టుకుంటున్నా," అంది చెల్లెలు. "సరేలే. ఒక రోజు ముందే వస్తా."